హెమ్లాక్‌ల వాలు

భార్య ఒలీటా పోయిన రెండో ఏడు వర్లిన్ కొండ వదిలిపోవడానికి సిద్ధపడ్డాడు. పట్నంలో అక్క అతని కోసం ఓ గది ఖాళీ చేసింది. సామాను సర్దేశాక, ఆఖరిసారి మందుకు పనికొచ్చే జిన్సెంగ్ వేర్లు తవ్వుకుందామని సంచీ తీశాడు.

కంచె దగ్గర పొరుగింటి డెల్మర్ నవ్వాడు. "రేపు పొద్దున్నే నేను బండి తెస్తానంటే ఇప్పుడు కొండెక్కుతావేంటోయ్? మోకాళ్ళు ఒప్పుకున్నాయా?"

"అవి నన్నడిగి నొప్పెడతాయా?"

"సరేలే, త్వరగా దిగు. హెమ్లాక్ చెట్ల కింద చీకటి ముందే పడుద్ది."

అతనెక్కిన వాలు మీద ఏనాడూ గొడ్డలి పడలేదు. పైన బీచ్, మేపుల్ మానులు. కింద వాగు పొడవునా సూదాకుల హెమ్లాక్‌లు, వాటి కింద పట్టపగలే మసక. పడిన మాను పడినచోటే కుళ్ళి, దాని వీపు మీదే కొత్త మొక్కలు లేచేవి. ఈమధ్య తెల్లటి నూగు పురుగు పట్టి హెమ్లాక్‌లు ఎండిపోతున్నాయి. పిట్ట కూత కూడా లేదు. ఒలీటా ఉన్నప్పుడు ఈ నిశ్శబ్దం అతనికి తెలిసేదే కాదు.

వేరు తవ్వినచోటే దాని ఎర్రపళ్ళ గింజలు నాటి రావడం అక్కడి వాళ్ళ నియమం. అది ఒలీటా పని. బొటనవేలితో నొక్కి, ఆకులు కప్పి, అరచేత్తో తట్టి, పసిపిల్లలకు చెప్పినట్టు చెప్పేది: "పడుకో. వేళైతే లేద్దువుగాని."

వర్లిన్ పెద్ద వేరు పెకలించాడు. పళ్ళు జేబులో వేసుకున్నాడు.

"ఇక ఎవరొస్తారని నాటాలి?" అన్నాడు పైకే.

వాగులోంచి పొగమంచు లేచింది. కుళ్ళిన ఆకుల తడి వాసన. నాలుగడుగులు దిగాడో లేదో, వెనక ఆకులు కదిలాయి.

తట్... తట్...

ఆగాడు. చప్పుడూ ఆగింది.

నడిచాడు. తట్... తట్... ప్రతి అడుగు వెనకా.

"ఒలీటా?" అన్నాడు గుసగుసగా. భయం కన్నా ఆశే ముందు వచ్చింది. అంత ఒంటరితనం అతనిది.

జేబు తడిమాడు... ఖాళీ. చిరుగైతే లేదు.

అప్పుడు పరిగెత్తాడు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, బూట్లతోనే దుప్పట్లో దూరాడు. ఎప్పుడో కన్నంటుకుంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. గుమ్మం బయట డెల్మర్ బండి హారన్ మోగుతోంది. తలుపు గడియ పెట్టినట్టే ఉంది. గుండెల దాకా దుప్పటి నిండా తడి ఆకులు, హెమ్లాక్ సూదులు, ఒద్దికగా సర్ది ఉన్నాయి. నుదుటి మీద మట్టి, బొటనవేలితో నొక్కినట్టు.

"వర్లిన్! వస్తన్నావా లేదా?"

వస్తున్నానని అరవబోయాడు. నోట్లో మట్టి రుచి. లేవబోయాడు. దుప్పటి కింద పాదాలు చల్లగా, మెత్తగా... వేళ్ళూనుకుని మంచాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

చెవి పక్కన ఎవరో ఆకులు తట్టారు.