ఎనిమిదుల జత

మణికట్టు మీద పట్టీ రెండుసార్లు అదిరింది. పైడమ్మ చేతిలోని ఏడుల జతను బోర్లించి ముందుకు తోసేసింది. ఒక్కసారి అదిరితే ఆడమని, రెండుసార్లు అదిరితే వదిలేయమని. పొద్దుటి నుంచి ఆమె వదిలేస్తూనే ఉంది.

జలబల్ల చుట్టూ ఆరు వార్డుల తరఫున ఆరుగురు. ఎవరి ముందు వాళ్ళ వాటాబిళ్లల గుట్ట. ఒక్కో బిళ్లకి వార్డు మొత్తానికీ ఒకరోజు నీళ్ళు. సముద్రం బావుల్లోకి చొరబడ్డాక, ఉన్న మంచినీళ్ళు ఎవరికెంతో తేల్చడానికి అధికారులు చాలా తిప్పలు పడ్డారు. లాటరీ తీస్తే మోసమన్నారు జనం. కమిటీ వేస్తే కులం చూశారన్నారు. చివరికి పేకాట పెట్టారు. అందులో అదృష్టమూ ఉంది, తెలివీ ఉంది, ఇంక నోరెత్తడానికి ఏముంది? ఆ తెలివిని పట్టీలకు అప్పగించి, యంత్రమే మన గొంతు ఎండగట్టిందన్న మాట రాకుండా ముక్కలు పట్టుకోవడానికి మనుషుల్ని కూర్చోబెట్టారు. ఆ చేతులకు జీతం కూడా ఇస్తున్నారు పాపం.

ఈ సీజనుకి ఇదే ఆఖరి రోజు. వానల దాకా సరిపడా బిళ్లలు లేని వార్డుని ఖాళీ చేయించి, జనాన్ని లారీలెక్కించి మెట్టమీది శిబిరాలకు తోలేస్తారు. పైడమ్మది ఉప్పుటేరు వార్డు. ఆమె ముందున్న గుట్ట వానల దాకా రాదు.

ఆరు నుంచి పది దాకా జతలంటే ఆమెకు ఒళ్ళుమంట. చూడ్డానికి బాగుంటాయి, అంతే. చేతిలో ఉండేవి రెండే ముక్కలు, బల్ల మధ్యలో అందరికీ కలిపి మూడు తిప్పాక వాటిలో అదే అంకె పడితే బల్లంతా తనదే. కానీ అది ఎప్పుడో గాని పడదు. అది పడేదాకా పోగొట్టుకుంటూ కూర్చోవాలంటే వెనక పెద్ద గుట్ట ఉండాలి. కొండపేట వార్డుకుంది, వాళ్ళ పట్టీ ఆడమంటుంది. అదే జత పైడమ్మకొస్తే వదిలేయమంటుంది. తెగించి బిళ్లలన్నీ ఒకేసారి తోసేద్దామంటే అంత అడుగంటిన గుట్టా కాదు ఆమెది. రెండు పట్టీలూ చెప్పేది లెక్క ప్రకారం సరైనదే. ఆ సరైనదే ఆమెకు గిట్టదు.

సీజను ముగిశాక ఆటగాళ్ళు తమ వార్డు కుళాయి దగ్గర నిలబడి ఎన్ని రోజుల నీళ్ళు తెచ్చారో చెప్పాలి. అది ఆనవాయితీ. పోయినసారి వీధి చివరి ఇళ్ళకు నీళ్ళు ఆపేయాల్సి వచ్చినప్పుడు ఒక్కరూ ఆమెను తిట్టలేదు. "రైటుగానే ఆడినావంట గదమ్మా" అని బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ ముక్కలు పంచారు. కొండపేట ఆటగత్తె పెంచింది. ఆమె పక్కనున్న సన్యాసిరావు దాని మీద ఇంకా పెంచాడు. పాతరేవు వార్డు మనిషి, పైడమ్మకు ఆట నేర్పినవాడు. మిగతావాళ్ళు తప్పుకున్నారు. పైడమ్మ ముక్కల అంచులు ఎత్తి చూసుకుంది. ఎనిమిదుల జత. పట్టీ రెండుసార్లు అదిరింది.

ఆమె గుట్టను రెండు చేతులతో మధ్యకు నెట్టేసింది.

ఇన్నేళ్ళలో ఆమె పట్టీ మాట జవదాటలేదని బల్లకంతటికీ తెలుసు, పట్టీలకు ఇంకా బాగా తెలుసు. ఇద్దరు పెంచాక ఉప్పుటేరు మొత్తం పెట్టిందంటే ఆసులుండాలి, లేదా రాజులుండాలి. కొండపేట పట్టీ రెండుసార్లు అదిరింది, ఆమె వదిలేసింది. సన్యాసిరావు తన ముక్కలు మళ్ళీ చూసుకున్నాడు, పట్టీ వంక చూశాడు, నిట్టూర్చి పడేశాడు.

పోగైన బిళ్లలన్నీ పైడమ్మ ముందుకొచ్చాయి. వానల దాకా వస్తాయి. పాతరేవుకి మిగిలినవి రావు.

"రాణులు పట్టినానమ్మా," అన్నాడు సన్యాసిరావు. "పట్టీ వదిలీమంది. రైటే ఆడినాను."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. చూపించాల్సిన పని లేదు. దాచుకుంటే ఇదే ఎత్తు వచ్చే సీజనులోనూ పనికొస్తుంది. అయినా ముక్కలు తిప్పి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఎనిమిదులను దగ్గరికి లాక్కుని చూశాడు. "ఏటమ్మా ఇది? నువ్విలగ ఆడవు గదా."

"ఆడకపోబట్టే నమ్మినారు మాస్టారూ."

"మరి మావోళ్ళకి ఏటి సెప్పమంటావు?"

"ఓడిపోనానని సెప్పండి. రైటని మాత్రం సెప్పకండి."

బల్లపెద్ద కసిరాడు. మాటలాపి ఆడమన్నాడు. మళ్ళీ పంచారు. సన్యాసిరావు పట్టీ రెండుసార్లు అదరడం పైడమ్మకు వినిపించింది. ఆయన పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. మిగిలిన నాలుగు బిళ్లలూ మధ్యకు తోశాడు. ఇవి ఉంటే నాలుగు రోజులైనా ఆగేది, ఇవి కూడా పోతే పాతరేవు రేపే లారీలెక్కుతుంది.

ఒకరి తర్వాత ఒకరు పట్టీలకేసి చూసుకున్నారు, అవి అదరకపోయేసరికి ఏమీ తోచక ముక్కలు పడేశారు. ఆట పైడమ్మ దాకా వచ్చింది. తొమ్మిదుల జత. ఆమెకు కావలసిన నీళ్ళు ఆమెకున్నాయి. ఆయనవి లాక్కోవడమో, వదిలేయడమో.

ఎప్పటిలాగే ఆమె మణికట్టు వంక చూసింది. పట్టీ విప్పేసిన మనిషి ఎలా ఆడతాడో దాని దగ్గర లెక్క లేదు. అది కదల్లేదు.

"ఆడమ్మా," అన్నాడు సన్యాసిరావు నెమ్మదిగా. "ఈపాలి నువ్వే ఆడాల."