ఇల్లంతా బూడిద రంగు

శంకర్‌పల్లి నుంచి వచ్చిన పొద్దుటి బస్సు మొయినాబాద్ సడక్ మీద కరుణమ్మను దించేసరికి ఎండ ఇంకా చురుక్కుమనలేదు. నెత్తిన వంకాయల గంప, చంకన బట్టల మూట. జ్వరంతో మంచం పట్టిన అక్క ప్రేమమ్మకు నాలుగు రోజులు గంజి కాచి పోసి, ఆమె లేచి కూర్చున్నాకే బయలుదేరింది. ఇంటికి పోగానే కాళ్లు కడుక్కోవాలి, గోడ దగ్గరికి వెళ్లాలి, ఆ తర్వాతే పొయ్యి రాజేయాలి. నాలుగు రోజులైంది గోడను చూసి.

ఆ గోడ సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు. కరుణమ్మకు ఒక్కడే కొడుకు, సాలోమోను. పట్నంలో కాలేజీ చదివేవాడు. తెలంగాణ కోసం పిల్లలంతా చదువులు వదిలి రోడ్డెక్కిన ఆ అరవై తొమ్మిదిలో వాడూ ఎక్కాడు. ఒకనాడు ఊళ్లో డాంబరుతో నినాదాలు రాసి వచ్చి, మిగిలిన డాంబరుతో తన గది గోడ మీద పేరు రాసుకున్నాడు. దాని కింద వాడి దోస్తులు ఆరుగురు వాళ్ల పేర్లు రాసుకున్నారు. పిల్ల చేష్ట, అంతే. “తెల్లటి గోడ ఖరాబు జేసిండ్రు గదరా!” అని ఆరోజు తిట్టింది కూడా కరుణమ్మే.

నెల తిరక్కుండానే పట్నంలో జరిగిన కాల్పుల్లో వాడు పోయాడు. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటీ లేదు. వాడి చేతి గుర్తుగా మిగిలిందల్లా గోడ మీది ఆ నాలుగక్షరాలే. రోజూ పొద్దున్నే వాటి మీద వేలు పెట్టి చదవనిదే కరుణమ్మ గుక్కెడు నీళ్లు కూడా తాగేది కాదు.

ఊరి మొదట్లోనే పక్కింటి ఎంకమ్మ ఎదురైంది.

“వదినా, ఇప్పుడేనా వచ్చుడు? మా అన్న స్వామిదాసు మొన్న ఠాణా కాడ కూసున్నడట. మన వాడకట్టు మైసయ్య చూసిండట. జమేదారే కుర్చీ వేయించి మాట్లాడిండట!”

“ఠాణా కాడ ఆయనకేం పనే?”

“నాకేమెరుక? సర్కారు బంగ్లాకు సున్నమేసే పని మల్ల ఇస్తరేమో. మీ పిలగాని కథ అయినకాడికెళ్లి బందు వెట్టిండ్రు గద.”

కరుణమ్మ మరేమీ అడగలేదు కానీ నడక మాత్రం పెరిగింది. ఆమె మొగుడు స్వామిదాసు ఇళ్లకు సున్నాలు వేసే మనిషి. చేవెళ్ల దాకా అతని తెలుపుకు పేరుంది. స్వామిదాసు సున్నం వేస్తే గోడ మీద చీమ పాకినా కనబడుతుందనేవారు. కొడుకును చంపిన సర్కారు వాళ్లింటికి మళ్లీ సున్నమా? ఛీ ఛీ, ఎంకమ్మ నోటికి తాళం లేదు, అనుకుంది.

ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. తన ఇల్లేనా ఇది? పాలలా ఉండే గోడలు బూడిద రంగులో ఉన్నాయి. అరుగు బూడిద రంగు. లోపల వంటిల్లు కూడా అదే. గంప కింద పడేసి కొడుకు గదిలోకి పరుగెత్తింది. నాలుగు గోడలూ ఒక్కటే రంగు, సున్నంలో పొయ్యి మసి, సిమెంటు కలిపి రెండు పూతలు పూసిన రంగు. పేర్లు లేవు. సాలోమోను లేడు.

పెరట్లో కుంచె కడుగుతున్న స్వామిదాసు అలికిడి విని వచ్చాడు. మోచేతుల దాకా అదే రంగు.

“వచ్చినవా? అక్కకు ఎట్లున్నది?”

“నా కొడుకేడి?”

అతను మోచేతుల రంగును పంచెకు తుడుచుకోసాగాడు.

“నిన్నే అడుగుతున్న, సాలోమోను బాపూ! నా కొడుకు పేరేడి? నేను ఊళ్లె లేనిది చూసి పూసేసినవా?”

“జర నిమ్మలంగ మాట్లాడు కరుణా. గోడలు పాడైనయి, అందుకే...”

“ఎక్కడ పాడైనయి? పోయిన క్రిస్మస్‌కే గద వేసినవు! పాడైతే తెల్లది వేస్తరు. క్రైస్తవుల ఇంటికి గీ దయ్యపు రంగేంది? ఠాణాల కుర్చేసిండ్రట గద నీకు? బంగ్లా పని మల్ల ఇస్తమన్నరా? దానికి మారు కొడుకు పేరు చెరిపేసి వస్తనన్నవా?”

స్వామిదాసు పెదవి విప్పలేదు. లేదని ఒక్క మాటంటే ఆమె నమ్మి ఉండేదేమో. ఆ మౌనమే ఆమెకు సాక్ష్యమైపోయింది.

“నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయట! ఇరవై రెండేండ్లు నీతోని కాపురం జేసిన. వాణ్ని ఒక్కసారి తుపాకులోళ్లు చంపిండ్రు. రెండోసారి కన్నతండ్రివి నువ్వు చంపినవు. నీ ఇంట్ల నేనుండ. మా అక్క దగ్గరికే పోత. నా శవానికి కూడ నువ్వు రావద్దు.”

“పోకు” అన్నాడు స్వామిదాసు.

విప్పని మూట మళ్లీ చంకన పెట్టుకుని ఆమె గడప దాటబోయింది. వాకిట్లో సైకిళ్లు ఆగిన చప్పుడైంది. జమేదారు, వెంట ఇద్దరు జవాన్లు. జమేదారు ఇల్లంతా ఒకసారి కలయజూసి మీసం కింద నవ్వాడు.

“ఏం స్వామిదాసూ, మొన్న నేను అడిగితె నీ ఇంట్ల గోడ మీద ఏం లేదంటివి. ఇంతల రంగెందుకు వేసినవు?”

“బిడ్డ చచ్చిన ఇల్లు దొరా. తెల్లగ మెరుస్తుంటె మనసొప్పలే.”

జమేదారు కరుణమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. పోలీసు జీపు కాలబెట్టిన కేసుల, నీ కొడుకు వెంట ఉన్న పిల్లల పేర్లు కావాలె మాకు. ‘గోడ మీద నా కొడుకు పేరు కింద ఉన్న ఆరుగురు బిడ్డలను నీ రెక్కల చాటున దాచు తండ్రీ, రోజు పొద్దున ఆ పేర్లు చదివి నీకే అప్పజెప్తున్న’ అని పోయిన ఆదివారం చర్చిల లేచి నిలవడి ప్రార్థన చేసినవా, లేదా? ఏ గోడ అది?”

అవి ఆమె మాటలే. ఒక్కటి పొల్లు పోకుండా ఆమె మాటలే. ప్రార్థన వేళ మనసులో భారం ఉన్నవాళ్లు లేచి పైకి చెప్పుకోవడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ. ఆమె లేచింది, ఏడ్చింది, చెప్పుకుంది. దేవునికే చెప్పాననుకుంది కానీ అక్కడ ఎనభై మంది కూర్చుని ఉన్నారన్న సోయి ఆమెకు లేకపోయింది.

మొగుడి వైపు చూసింది. అతను ఆమె వైపు చూడటం లేదు. జమేదారు జవాబు కోసం నిలబడ్డాడు. అబద్ధమాడి ఎరగని నోరు ఆమెది.

“గోడలు మీ ముందరనే ఉన్నయి గదయ్యా” అంది. “ఏ గోడ మీద ఏ పేరు కనబడుతున్నదో నువ్వే చదువు.”

జవాన్లు వంటింట్లో ఒకచోట, నడిమింట్లో ఒకచోట, గదిలో తలుపు పక్కన మరొకచోట లాఠీ మొనతో గీకారు. ప్రతిచోటా బూడిద రంగు కింద తెల్లసున్నమే వచ్చింది. ఒక్కగోడకే కొత్త రంగుంటే అక్కడే తవ్వేవారు. ఇల్లంతా ఒక్క తీరుగా ఉంటే ఎక్కడని తవ్వుతారు? అరగంట తంటాలు పడి, నాలుగు తిట్లు తిట్టి వెళ్లిపోయారు.

సైకిళ్లు మలుపు తిరిగాక కరుణమ్మ గడపలోనే కూలబడింది.

“నీకు మొన్ననే తెలిసిందా?”

“ఠాణాల తెలిసింది. జమేదారు నీ ప్రార్థన నాకే అప్పజెప్పిండు. ఆ పేర్లు నేను జెప్తె బంగ్లా పని మల్ల ఇస్తనన్నడు. మా గోడ మీద ఏం లేదు, చదువు రానోణ్ని, పేర్లు నాకేమెరుక దొరా అని లేచి వచ్చిన.”

“చర్చిల ఎవరు చెప్పిండ్రు?”

“పగవట్టి ఎవరు చెప్పలే. కరుణమ్మ ఎంత మంచిగ ప్రార్థన చేసిందని ఆడోళ్లు బావి కాడ చెప్పుకున్నరట. మాట బజార్ల పడ్డది.”

“ఇన్ని మాటలంటుంటె బండరాయి లెక్క నిలవడ్డవు! నాకెందుకు చెప్పలేదయ్యా?”

“ఎట్ల చెప్పాలె? నీ ప్రార్థనే ఆ పిల్లలను పట్టియ్యబోయిందని ఏ నోటితో చెప్పాలె? వాడు పోయినంక నీకు మిగిలింది ప్రార్థన ఒక్కటే. అది గూడ బందయితె నువ్వు బతుకుతవా? నన్ను తిట్టుకుంట బతికినా నయమే అనుకున్న.”

కరుణమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. “ఆరుగురు తల్లుల ఉసురు పోసుకుంటుంటి గదయ్యా! నిన్ను ఎన్నెన్ని మాటలంటి!” అని అతని కాళ్ల మీద పడబోతే స్వామిదాసు రెక్క పట్టి లేపాడు. లేపి, కొడుకు గదిలోకి తీసుకుపోయాడు. కిటికీ పక్క గోడ దగ్గర నిలబెట్టి, ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని ఆ రంగు మీద పెట్టాడు.

“కిందివి ఆరు తాపీ కరణెతో గీకేసి సున్నంతో మెత్తిన. మీదిది గీకబోతే చెయ్యి రాలే. అది వానిదని మాత్రం నాకు ఎరుక, వాడే చూపెట్టిండు. ఉంచుదామంటె తెల్లసున్నం కింద డాంబరు దాగదు, ఎన్ని పూతలేసినా నల్లగ తేలుతది. అది కనబడితె, దాని కిందివి ఏమైనయని అడుగుతరు. అందుకే బూడిద రంగు. ఒక్కగోడకు వేస్తె అనుమానమని ఇల్లంత వేసిన.”

ఆమె వేళ్ల కింద రంగు మెత్తగా ఉబ్బి ఉంది. దళసరి డాంబరు గీత ఒకటి పైకి పోయి వంపు తిరుగుతోంది.

“కరుణా...” స్వామిదాసు ఆమె చెయ్యి వదల్లేదు. “ఆరు పేర్లు గీకుతుంటె కండ్లకు నీళ్లు అడ్డం వచ్చినయి. నాకు చదువా రాదు. వరుస తప్పి వేరే పేరు ఉంచి వాని పేరే గీకేసిన్నేమోనని మూడు దినాలసంది నిద్ర లేదు. జర చదువు. అది వానిదే గద?”

కరుణమ్మ కళ్లు మూసుకుని గోడ మీద వేలు నడిపింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, తడిమి, పైకి చదివింది.

“సా... లో... మో... ను.”

స్వామిదాసు గోడకు నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“వాడేనయ్యా” అంది కరుణమ్మ అతని వీపు నిమురుతూ. “వాడే.”