తలుపు పక్కన రాత

అంగారక గ్రహం మీది ఎర్రరేగడి ఆవాసంలో ఆ ఉదయం లేచినవాళ్లు లేచినట్టే తమ తలుపుల ముందు నిలబడిపోయారు. ప్రతి తలుపు పక్కనా ఒక గాలి పలక ఉండేది. దాని మీద ఇన్నాళ్లూ grp3_cut1 లాంటి అక్షరాలే వెలిగేవి. ఆవాసానికి గాలి పంచే ప్రోగ్రామును రాసిన ఇంజనీర్లు ఎప్పుడో పోయారు. వాళ్లు తమ సౌకర్యానికి పెట్టుకున్న పొట్టి పేర్ల అర్థం ఎవరికీ తెలియదు.

కుందన తయారుచేసిన 'నామవివరిణి' వాటిని విప్పింది. ఒక పేరు ప్రోగ్రాములో ఎక్కడెక్కడ వస్తుందో, అక్కడ ఏం పని చేస్తుందో గమనించి, ఆ పనిని మామూలు తెలుగులో పలక మీద రాస్తుంది.

మూడో వీధి పలకలన్నిటి మీదా ఒకే మాట: 'గాలి తగ్గితే మొదట ఆపవలసిన ఇళ్లు.'

పని చేయలేని ముసలివాళ్లంతా ఉండేది ఆ వీధిలోనే. కుందనను పెంచిన సూరమ్మ పిన్నీ అక్కడే ఉంటోంది. దుమ్ము తుఫాను దగ్గర పడుతోంది. సౌరఫలకాలను దుమ్ము కప్పేస్తే కరెంటు పడిపోయి గాలి తగ్గుతుంది. రాత చదివితే జనం ఊరుకోరని కుందన నమ్మింది.

నిజంగానే ఊరుకోలేదు. మధ్యాహ్నానికి సభ నిండిపోయింది.

"పొద్దున్నే తలుపు తీయగానే ఆ అపశకునపు రాతేమిటమ్మా?" అన్నాడు సభాధ్యక్షుడు పరంధామయ్య. "ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయంటామా? నిండుకున్నాయంటాం. ఆ మాత్రం మర్యాద నీ యంత్రానికి నేర్పలేదా?"

"మార్చాల్సింది మాటను కాదు బాబాయిగారూ, ప్రోగ్రాములో ఎవరి ఇల్లు ముందు ఆపాలనే ఆ వరుసను. అందరం కాస్త కాస్త తగ్గించుకుంటే ఎవరి ఇల్లూ ఆపక్కర్లేదు."

"తగ్గించుకుంటే మా చంటిదానికి ఆయాసం రాదూ?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

చేతులెత్తమన్నారు. వరుస మార్చడానికి కుందన చేయి ఒక్కటే లేచింది. మాట మార్చడానికి అందరికంటే ముందు లేచింది సూరమ్మ చేయి.

"నువ్వెందుకు పిన్నీ?"

"గాలి ఎలాగూ ఇవ్వరే పిచ్చిపిల్లా. ఆ రాత చూశాక కాఫీ గొంతు దిగలేదు. అదైనా తియ్యనీ."

యంత్రానికి మర్యాద నేర్పడం కుందన ఒక్కదానికే చేతనవును. సాయంత్రానికి మూడో వీధిలో 'పెద్దల విశ్రాంతి గృహాలు' అని వెలిగింది. పక్క వీధులవాళ్లు కూడా వచ్చి చూసి, బాగుందన్నారు. సూరమ్మ పలకకు పసుపు రాసి బొట్టు పెట్టింది.

తుఫాను అనుకున్నదానికంటే ముందే విరుచుకుపడింది. కుందన పరుగెత్తుకొచ్చేసరికి మూడో వీధి తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయి. ఆమె గుద్దింది, పిలిచింది. లోపల గాలి పంకాల హోరు సన్నగిల్లి ఆగిపోయింది.

చాలాసేపటికి, నీళ్ల క్యాను మోసుకుపోతున్న రెండో వీధి ఇల్లాలొకామె అక్కడ ఆగింది.

"పిన్నిగారు కులాసాయేనా?"

కుందన నోరు తెరిచింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఇల్లాలి కళ్లు అప్పుడే భయంతో పక్కకు తప్పుకుంటున్నాయి.

"విశ్రాంతి తీసుకుంటోందండీ," అంది కుందన.

"పోనీలెండి," అని ఆమె క్యాను చేయి మార్చుకుని వెళ్లిపోయింది.