మొహమాటాల ఊరు

అమెరికాలో నెబ్రాస్కాలోని కార్డెల్ ఫాల్స్‌లో పేరుకు తప్ప జలపాతం లేదు. ట్రాఫిక్ లైటు కూడా లేదు. నాలుగు రోడ్లు కలిసే చోట నాలుగు స్టాప్ బోర్డులుంటాయి. అక్కడ ఆగిన ప్రతివాళ్లూ పక్కవాళ్లకు "ముందు మీరు" అని చెయ్యి ఊపుతారు. అంత మర్యాదస్తుల ఊరు.

అక్టోబరులో ఒక ఉదయం హైస్కూలు బ్యాండు మాస్టారు లైల్ బ్రాంట్ అక్కడ కారాపి, పక్క రోడ్డులో ఆగిన అమ్మాయికి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. అతను మళ్లీ ఊపాడు. ఆమె ఒళ్లు మండి బయల్దేరింది. సరిగ్గా అప్పుడే అతనూ బయల్దేరాడు. రెండు కార్లూ గుద్దుకున్నాయి.

"వెళ్లమన్నది మీరే కదా!" అంటూ దిగిందామె.

"మీరూ అన్నారు కదండీ," అన్నాడు లైల్ నోరు పట్టుకుని. స్టీరింగుకు కొట్టుకుని ముందుపన్ను కొస విరిగింది. ట్రాంబోన్ ఊదేవాడికి అది చిన్న దెబ్బ కాదు.

"ఏదీ, చూపించండి. నేను డెంటిస్టుని."

"తెలుసు. షికాగో నుంచి వచ్చిన డాక్టర్ డెల్ఫిన్ ప్రైస్."

"మీకెలా తెలుసు?"

"మీ పరుపు దిగిన రోజే ఊరంతా తెలిసింది. కాస్త గట్టి పరుపటగా?"

పన్ను బాగుపడింది. డెల్ఫిన్ క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చునే వెర్నా నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా వాళ్లిద్దరికీ ప్రేమ కుదిరిందని ఊరు తేల్చేసింది. తెలియంది వాళ్లిద్దరికే.

"ఇంత నిశ్శబ్దంలో నిద్రెలా పడుతుందయ్యా? షికాగోలో మా కిటికీ పక్కనే రైలు వెళ్లేది," అందోసారి డెల్ఫిన్.

"మా పిల్లల బ్యాండు విను. రైలే నయమంటావు."

వెళ్లి వింది. "ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఘోరం," అంది.

కార్డెల్ ఫాల్స్‌లో మెచ్చుకున్నా "ఫర్వాలేదు" అంటారు, తిట్టినా "ఫర్వాలేదు" అంటారు. ఉన్నమాట ముఖాన అన్న మనిషిని లైల్ అప్పుడే చూశాడు. ప్రేమలో పడిపోయాడు. పడ్డాడు గానీ పైకి చెప్పలేదు. చలికాలమంతా తెల్లారకముందే ఆమె వాకిట్లో మంచు ఎత్తిపోసి, అడిగితే "గాలికి ఎగిరిపోయుంటుంది" అనేవాడు.

ఫిబ్రవరిలో షికాగోలోని పెద్ద క్లినిక్కు ఆమెను రమ్మంది. వెర్నా పుణ్యమా అని సాయంత్రానికి ఊరంతా పాకింది. జనం బంగాళాదుంపలూ చీజూ వేసి కాల్చిన వంటకాలు ట్రేలలో తెచ్చి వీడ్కోలు చెప్పసాగారు. ఫ్రిజ్ తలుపు పడటం లేదు. ఉండిపొమ్మని మాత్రం ఒక్కరూ అనలేదు. అది పరాయివాళ్ల విషయంలో తలదూర్చడం అవుతుంది. పరుపు గట్టిదా మెత్తదా అన్న చర్చ మాత్రం తలదూర్చడం కాదు.

శుక్రవారం లైల్ క్లినిక్కుకు వచ్చాడు. చేతిలో ట్రే.

డెల్ఫిన్ ముఖం ఎర్రబడింది. "నువ్వు కూడానా?"

"వెచ్చబెట్టుకుంటే ఫర్వాలేదు..."

"నేను వెళ్లిపోతుంటే నువ్వు చెప్పేది ఇదేనా?"

"అది నీ ఇష్టం కదా. మధ్యలో నేను వేలు పెడితే..."

"పెట్టు! రోజూ ఊళ్లోవాళ్ల నోళ్లలో వేళ్లు పెట్టి బతుకుతున్నా. నువ్వు ఒక్కసారి పెట్టలేవా?"

లైల్ ట్రే కింద పెట్టాడు. చెవులు కందిపోయాయి. "వెళ్లకు, డెల్ఫిన్. నువ్వు లేకపోతే ఈ ఊరు నాకు ఫర్వాలేదు కాదు... ఘోరం."

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. "షికాగోకి రానని సోమవారమే చెప్పేశాను."

"సోమవారమా! మరి వెర్నా ఎవరికీ చెప్పలేదే?"

బయటి గదిలోంచి గొంతు వినిపించింది. "చెబితే నువ్వు నోరు విప్పేవాడివా నాయనా? ఆ మాట కడుపులో దాచుకోలేక తిండి సయిస్తే ఒట్టు! ఇప్పుడైనా చెప్పుకోనిస్తారా?" అంటూనే వెర్నా ఫోనందుకుంది.

డెల్ఫిన్ వెళ్లి తలుపు వేసేసింది. ఆ తర్వాత జరిగింది ఊరికి ఇప్పటికీ తెలియదు.