కూలర్ కడిగే యాళ్ల రీడింగు

బయట వాన దంచుతాంది. గొడుగు ముడవకుండనే అఖిల కల్వకుర్తి డెయిరీ ఆఫీసులకు దూసుకొచ్చింది. కూలర్ల లెక్కలు చూసే శ్రవణ్‌కుమార్ టేబుల్ మీద నీళ్లు కారినయ్.

"అయ్యో, ల్యాప్‌టాప్ తడుస్తది!"

"తడవనీ! మా సెంటర్ మూసెయ్యమని రిపోర్ట్ రాసింది గీ దాంట్లనే కదా?"

శ్రవణ్ మొఖం పాలిపోయింది. దేవరకొండ పక్క పల్లెల అఖిల, వాళ్ల బాపు లింగయ్య నడిపే పాల సెంటర్ అది. కూలర్ బంద్ పెట్టి పాలు చెడగొడుతున్నరని రిపోర్ట్. సోమవారం నుంచి తాళం.

"మీ కూలర్‌కు పెట్టిన సెన్సార్ రీడింగులు చూసే రాసిన అఖిలా. కమాండ్‌ల టైమ్ పెట్టి ఫిల్టర్ చేసిన. పొద్దుగాల ఏడు నుంచి ఎనిమిది, కూలర్ల పాలుండే యాళ్ల. రోజూ కూలర్ వేడిగనే ఉన్నది."

"రోజూ తిన్నవా, పన్నవా అని మెసేజ్ పెడ్తవు గదా! మీ కూలర్‌కు ఏమైందని ఒక్క మాట అడగనీకి చేతులు రాలేదా?"

ఆమె అసలు మంట గదే. ఊరోళ్లు బాపును దొంగను చూసినట్టు చూస్తున్నరు. రిపోర్ట్ కిందనేమో తను మనసిచ్చినోడి పేరు.

"నువ్వని వదిలేస్తే తప్పు గదా?"

"వదిలెయ్యమన్ననా? అడగమన్న!"

ల్యాప్‌టాప్ తన దిక్కు తిప్పుకున్నది. గ్రాఫ్ చూసి ఇంకా మండిపోయింది.

"గిదేం చోద్యం? ట్యాంకర్ పోయినంక ఉడుకునీళ్లతోటి కూలర్ కడిగితే అచ్చం గిట్లనే వేడెక్కుతది. కూలర్ల పాలుండంగ పొద్దుగాల ఎవడు కడుగుతడు?"

"మీరు ఎప్పుడు కడుగుతరు?"

"పన్నెండున్నరకు!"

శ్రవణ్ తల పట్టుకున్నడు. "సెన్సార్ మన టైమ్ రాసుకోదు అఖిలా. గ్రీనిచ్ టైమ్ రాసుకుంటది, మనకంటె ఐదున్నర గంటలు ఎనక ఉంటది. నేను మార్చకుండనే ఫిల్టర్ కొట్టిన. నేను పొద్దుగాల అనుకున్నది మీ పన్నెండున్నర."

టైమ్ సరిచేసి కమాండ్ మళ్ల కొట్టిండు. పొద్దటి పాలు సల్లగ, మంచిగ ఉన్నయ్. అఖిల కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, కోపం మాత్రం దిగలే.

"సారీ..."

"నాకెందుకు? మేనేజర్‌కు ఫోన్ కొట్టు. నా ముందటనే."

తప్పు మిషన్ మీదికి నెడ్తడేమోనని చెవులు రిక్కించి నిలబడ్డది. "సార్, సెంటరోళ్ల తప్పేం లేదు. నేనే తప్పు చేసిన" అన్నడు శ్రవణ్. అవతల మేనేజర్ తిట్టిన తిట్లు గదంతా వినపడ్డయ్. ఆఖరికి సెంటర్ నడవనియ్యమన్నడు.

"కోపం పోయిందా?"

"లే! రేపు మా సెంటర్‌కు రా. ఊరందరి ముందట బాపుకు గీ మాటే చెప్పాలె."

"చెప్త. చెప్పినంక బాపును ఇంకో మాట గూడ అడుగుత. నిన్ను నాకిస్తడా అని."

అఖిలకు మొఖం ఎర్రబడ్డది. కోపమేనని తనకు తనే చెప్పుకున్నది. గొడుగు తీసుకొని గడప దాటి, మళ్ల ఎనక్కి తిరిగింది.

"ఏడు గంటలకు రా. మన టైమ్!"