నల్లబండ మలుపులో ఫోటోలు తీసే దెయ్యం

మరిపెడ నుంచి వరంగల్ పోయే తోవలో నల్లబండ మలుపని ఒకటుంది. ఆ పేరెత్తితే చాలు, లారీ డ్రైవర్లు నోట్లోని బీడీ తీసి పారేసేవాళ్లు. రోడ్డు అక్కడ ఒక నల్లటి బండను చుట్టుకుని ఉన్నట్టుండి వంగుతుంది. అవతల లోతైన వాగు. ఎన్ని లారీలు అందులో బోర్లా పడ్డాయో! చీకటి వేళ ఎడ్లబండి తోలుకొస్తున్న వెంకటయ్యను ఒక లారీ గుద్దేసి, ఆగకుండా పోయింది కూడా అక్కడే. వెంకటయ్య అంటే మా ఊరి సమ్మమ్మ పెనిమిటి.

ఆయన పోయిన కొన్నేళ్లకు, ఎనభై రెండో మూడో సంవత్సరంలో అనుకుంటా, ఆ మలుపులో కొత్త భయం మొదలైంది.

అక్కడ దెయ్యం ఫోటోలు తీస్తున్నదని...

మీకు నవ్వు రావచ్చు. మా దిక్కు పెద్దవాళ్లు అప్పట్లో ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేవాళ్లు. గోడ మీద ఒంటరి మనిషి ఫోటో ఉందంటే దానికి దండ ఉండాల్సిందే, ఆ మనిషి పోయి ఉండాల్సిందే.

లారీ జోరుగా మలుపులోకి దిగుతుంది. చిమ్మచీకటి. తుప్పల్లోంచి తెల్లగా ఒక్క మెరుపు — ఉరుముండదు, మబ్బుండదు. ఆ మెరుపు మీద పడ్డవాడి బొమ్మ దెయ్యం దగ్గర ఉండిపోతుందట. ఆ బొమ్మకు దండ గుచ్చడం అయిపోయిన రోజు మనిషిని తీసుకుపోతుందట.

మెల్లగా పోయేవాళ్లను మాత్రం అది ఏమీ అనేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. భయపడ్డవాళ్లు ప్రశ్నలు వేయరు. నేను పాఠాలు చెప్పే తరగతిలోనూ అంతే.

సమ్మమ్మ అల్లుడు యాకయ్య లారీ డ్రైవర్. తొక్కిన కాలు తీసే రకం కాదు. భార్య చిలుకమ్మ ఏడో నెల కడుపుతో తల్లిగారింట్లో ఉంది. ఒకనాటి రాత్రి అతను మిర్చి బస్తాలతో వరంగల్ మార్కెట్‌కు బయలుదేరాడు. తన బస్తాలు కూడా ఉన్నాయని సమ్మమ్మ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత జరిగింది యాకయ్యే నాకు చెప్పాడు.

"జర మెల్లగ పో బిడ్డా. నల్లబండ వస్తాంది."

"పొద్దుగాల వేలం పాటకు అందకపోతె నీ మిరపకాయలు నువ్వే నూరుకోవాలె అత్తా."

మలుపు వచ్చింది. లైట్ల వెలుగులో బండ తమ మీదికి వచ్చినట్టయింది. టైర్లు కీచుమన్నాయి...

తెల్లగా మెరిసింది.

లారీ మలుపు దాటింది. సమ్మమ్మ గుసగుసగా అడిగింది.

"అల్లుడా... నవ్వినవా?"

"ఏంది?"

"ఫోటోల నవ్వినవా అంటాన. నవ్వినోన్నే ముందు తీస్కపోతదట."

"నవ్వలే అత్తా."

"నేను కొంగు అడ్డం పెట్టుకున్న. నువ్వే పడ్డట్టున్నవు."

అక్కడి నుంచి లారీ ఎంత మెల్లగా నడిచిందంటే, తెల్లవారుజామున పాలక్యాన్ల సైకిల్ ఒకటి బెల్లు కొట్టి మరీ దాటిపోయింది. మార్కెట్ చేరేసరికి పాట అయిపోయింది. యాకయ్యకు ఆ ఫికరే లేదు. "పుట్టేటోళ్ల మొకం చూసేదాకనన్న ఉంటనా అత్తా?" అని మాత్రం అడిగాడు.

అన్నం సహించలేదు. నిద్ర పట్టలేదు. చూసి చూసి సమ్మమ్మే అన్నది: "పా. కోడినిచ్చి, కాళ్లు మొక్కి ఫోటో అడిగి తెచ్చుకుందాం."

అత్తా అల్లుడూ కందిలి పట్టుకుని, కోడిని చంకలో పెట్టుకుని, రాత్రిపూట ఆ తుప్పల దగ్గరికి పోయారు.

వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత... తుప్పల్లో ఏదో కదిలింది. ఎర్రటి కన్నొకటి వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"కోడిని ఆడ పెట్టి పోండ్రి," అన్నది దెయ్యం.

యాకయ్య కోడిని కింద పెట్టబోయాడు. సమ్మమ్మకు గొంతు ఎక్కడో విన్నట్టనిపించి కందిలి పైకెత్తింది.

గొంగడి. గొంగడిలో బీడీ. బీడీ వెనుక పక్క ఊరి మొండయ్య.

"నువ్వారా?"

"మెల్లగ మాట్లాడు సమ్మక్కా. డ్యూటీల ఉన్న."

అతని వెనుక ఒక ఇనుప డబ్బా, దానికి గాజు కన్ను. ఏదో ఆఫీసు వాళ్లు పట్నం నుంచి తెచ్చి పరీక్షకు పెట్టారట. రోడ్డుకు అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు. మొదటిదాన్ని తొక్కిన చక్రం రెండోదాని మీదికి మరీ తొందరగా వస్తే, జోరెక్కువని డబ్బాకు తెలిసిపోతుంది. దానంతట అదే మెరుస్తుంది. మొండయ్య దానికి కావలి.

"మరి ఇన్నొద్దులు జనం పెట్టిన కోళ్లు?" అన్నది సమ్మమ్మ.

మొండయ్య వాగు దిక్కు చూశాడు.

"నా ఫోటో?" అన్నాడు యాకయ్య.

"ఏం ఫోటో? డబ్బా శాంక్షనయింది గని దీంట్లకు రీలు కాలే. ఉత్తగనే మెరుస్తది."

యాకయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. వారం తిరిగేలోపు ఆ దారిలో ఉన్న ప్రతి చాయ్ హోటల్లో కూర్చుని కథంతా చెప్పాడు.

అది ఆ డబ్బా పెట్టించిన ఆఫీసరు రాజేశ్వర్ రావు చెవిన పడింది. జీపులో వచ్చి తుప్పల కింద కోడి ఈకలు చూశాడు. సర్కారు యంత్రాన్ని దెయ్యమంటారా అని మండిపడి, బండ పక్కన బోర్డు పెట్టించాడు: "ఇది దెయ్యము కాదు. ప్రభుత్వ యంత్రము. ఎవరును భయపడనవసరము లేదు."

ఎవరూ భయపడలేదు.

దెయ్యం ఉన్నన్ని నాళ్లు ఒక్క లారీ కూడా వాగులో పడలేదు. బోర్డు పెట్టిన వారానికే ఒకటి పడింది. ఆ వెనుకనే ఇంకొకటి. యాకయ్య అయితే మలుపు రాగానే జోరు పెంచి, మెరుపుకు పళ్లన్నీ చూపించి పోయేవాడు.

సమ్మమ్మ హన్మకొండ దాకా పోయి ఆఫీసరు ముందు నిలబడింది. "సారూ, ఆ బోర్డు పీకేయుండ్రి. దయ్యాన్నే ఉండనీయుండ్రి. నా బిడ్డ పసుపు కుంకుమ నిలబడ్తది."

"చదువు లేకపోతే ఇంతేనమ్మా," అన్నాడు ఆయన జాలిగా. తర్వాత యంత్రం వల్ల ప్రయోజనం కనబడలేదని రాసి డబ్బాను ఎత్తించుకుపోయాడు. బోర్డు మాత్రం ఉండిపోయింది.

మరి కొన్నాళ్లకు చిలుకమ్మ ఆడపిల్లను కన్నది. కబురు వరంగల్లో ఉన్న యాకయ్యకు పొద్దుగూకినాక అందింది. ఖాళీ లారీ, పక్క సీట్లో బిడ్డకు కొన్న గిలక్కాయ, కాలి కింద ఎంత తొక్కితే అంత జోరు.

నల్లబండ కనబడింది.

మలుపు మొదట్లో, రోడ్డు పక్కన దీపం... దీపం వెనుక ఒక ఫోటో. బంతిపూల దండ. కుంకుమ బొట్టు.

కాలు దానంతట అదే పైకి లేచింది. ఎవరో పాపం, అనుకున్నాడు. లారీ మెల్లబడింది. ఇంకా మెల్లబడింది. లైటు వెలుగు ఫోటో మీదికి పాకింది.

కోరమీసం. చారల అంగీ. తన పెండ్లి నాటి అంగీ...

ఆ ఫోటో తనదే.

లారీ ఆగిపోయింది. వాగు చప్పుడు వినబడుతున్నది. యాకయ్య తన మీసం తడిమి చూసుకున్నాడు. తను వచ్చాడా... దారిలోనే ఎక్కడో పోయాడా?

బండ వెనుక ఎవరో దగ్గారు.

"మెల్లగొచ్చినవా అల్లుడా?"

సమ్మమ్మ. పక్కకు వచ్చి నిలబడింది. పెండ్లి ఫోటోను నడిమికి మడిచి, చిలుకమ్మ బొమ్మ వెనక్కి పోయేటట్టు ముందే అద్దంలో బిగించి పెట్టింది.

"ఏంది అత్తా ఇది... బతికున్నోనికి..."

"మీ మామకు దండేద్దామంటె ఒక్క ఫోటో లేకపాయె. నీది మంచిగొచ్చింది."

ఆమె వంగి, పక్కకు జారిన దండను సరిచేసింది.

"చెప్పు బిడ్డా. దండ తీసి ఫోటో ఇంటికి తీస్కపోనా... ఈడనే ఉంచనా?"