మంచి కాలు చెప్పిన అబద్ధం

మంగళవారం ఉదయం ఏడింటికే ఆ ఇంట్లో రొట్టె మాడింది, కాఫీ పొంగింది. బ్రిన్ మాత్రం వంటింట్లో ఒంటికాలి మీద గెంతుతూనే ఉంది.

“ఒసేయ్, ఆపవే! కప్పులన్నీ కిందపడతాయి,” కసిరింది తల్లి లోర్నా.

“ఇవాళే కదమ్మా నా మోకాలి పరీక్ష! గట్టెక్కితే ఎల్లుండి ఆడొచ్చు. సీనియర్ నైట్! బడిలో నా ఆఖరి ఆట!”

ఫిబ్రవరిలో బంతి వెంట పరుగెడుతూ బ్రిన్ కుడి మోకాలి లిగమెంట్ తెంపుకుంది. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. చేసింది లోర్నా పనిచేసే ఎముకల క్లినిక్‌లోనే. లోర్నా అక్కడ అథ్లెటిక్ ట్రైనర్. దెబ్బతిన్న ఆటగాళ్లతో కసరత్తు చేయించి, మళ్లీ ఆడొచ్చో లేదో కొలిచి డాక్టరుకు చెప్పడం ఆమె పని. సొంతపిల్లను కొలవకూడదు కనక బ్రిన్‌ను తోటి ట్రైనర్ డెల్ఫిన్‌కు అప్పగించారు.

పదేళ్ల కిందట లోర్నా ఇప్పుడు బ్రిన్ చదివే బడికే ట్రైనర్. మైదానం గీత పక్కన నడుముకు సంచీ కట్టుకుని, వానైనా మంచైనా నిలబడేది. ఓ రోజు ఏడేళ్ల బ్రిన్ అడిగింది, “అందరి అమ్మలూ వాళ్ల పిల్లల పక్కన కూర్చుంటారు. నువ్వెప్పుడూ వేరేవాళ్ల పిల్లల దగ్గరే ఎందుకుంటావ్?” అంతే, లోర్నా క్లినిక్‌కు మారిపోయింది. సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు. అయినా ఆటల రోజున బడి వైపు నుంచి డప్పులు వినబడితే, కుళాయి పెద్దగా తిప్పి గిన్నెలు కడుగుతుంది. బ్రిన్ ఆటకు వెళ్లినా అందరికన్నా పైమెట్టు మీదే కూర్చుంటుంది. గీత దగ్గరికి పోతే మళ్లీ వెనక్కి రాలేనని ఆమెకు భయం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్ల మీద కేకు. భర్త విన్స్ మురిసిపోతున్నాడు. “ఎడమకాలితో పోలిస్తే కుడికాలు తొంభై నాలుగు శాతం! తొంభై చాలట! రేపు డాక్టర్ సంతకం పెడితే అయిపోయినట్టే!”

ఫ్రిజ్‌కు అంటించిన కాగితం లోర్నా చదివింది. కుడికాలి గెంతు నూట ఇరవై సెంటీమీటర్లు, ఎడమకాలిది నూట ఇరవై ఎనిమిది. మళ్లీ చదివింది. ఆమె మొహం పాలిపోయింది.

“బ్రిన్, ఒకసారి గ్యారేజీలోకి రా.”

నేల మీద పసుపు టేపు ఇంకా ఉంది. నిరుడు వేసవిలో బ్రిన్ సరదాగా ఎడమకాలితో గెంతితే లోర్నాయే కొలిచి అంటించింది. నూట యాభై ఎనిమిది.

“ఎడమకాలికి ఏ జబ్బూ లేదు కదే? ముప్పై సెంటీమీటర్లు ఎక్కడ పోయాయి?”

బ్రిన్ తలదించుకుంది. దెబ్బ తగలని కాలితో కావాలనే తక్కువ గెంతితే, దెబ్బ తగిలిన కాలు దానికి సమానంగా కనబడుతుంది. ఆ గడుసుతనం ఎక్కడ నేర్చిందా అనుకుంటుండగానే లోర్నాకు గుర్తొచ్చింది. ఇలా మోసం చేసి దొరికిపోయిన కుర్రాడి కథ భోజనాల దగ్గర పకపకా నవ్వుతూ చెప్పింది తనే!

“డాక్టర్‌కి చెప్పేస్తావా?” బ్రిన్ ఎదురు తిరిగింది. “చెప్పు! నీకు కుళ్లు! నువ్వు మైదానం వదిలేశావు, నన్ను కూడా వదిలెయ్యమంటున్నావు!”

“బ్రిన్!” గుమ్మంలోంచి విన్స్ అరిచాడు.

“ఉండనీ విన్స్.” లోర్నా నేల మీద చతికిలబడింది. “అవునే, కుళ్లే. పదేళ్లుగా ఆ గీత పక్కన నిలబడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే చెబుతున్నా. ఒక్క ఆట పోతే ఎంత ఏడుపొస్తుందో నాకు తెలుసు. మోకాలు మళ్లీ తెగితే అన్ని ఆటలూ పోతాయే తల్లీ. నేను డాక్టర్‌కి చెప్పను. నువ్వే చెప్పాలి. ముందిక్కడ నిజంగా గెంతు.”

బ్రిన్ చెప్పులు పక్కకు తన్ని నిలబడింది. తర్వాత ఎడమకాలితో గెంతింది. సరిగ్గా టేపు మీద పడింది. కుడికాలితో గెంతింది. టేపుకు జానెడున్నర ఇవతలే ఆగిపోయింది. ఆ ఖాళీ చూసి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. లోర్నా దాన్ని ఒళ్లోకి లాక్కుంది. కేకు ఆ రోజు ఎవరూ ముట్టలేదు.

మర్నాడు బ్రిన్ తనే డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పింది. సంతకం ఆగిపోయింది.

గురువారం సీనియర్ నైట్‌లో ఆ బడి ఆచారం ప్రకారం ఆఖరి ఏడాది పిల్లలు అమ్మానాన్నల చేతులు పట్టుకుని మైదానంలోకి నడిచారు. బ్రిన్ బట్టలు ఆటవే, కానీ ఆడేందుకు కాదు. గీత దగ్గరికి రాగానే లోర్నా అడుగు ఆగిపోయింది. తడిసిన గడ్డి వాసన. డప్పులు. ఈసారి తిప్పడానికి కుళాయి లేదు.

పట్టుకున్న అమ్మ చేయి వెనక్కి లాగడం బ్రిన్‌కు తెలిసింది. తను ఒక్క ఆటకే ఇంత ఏడ్చింది.

“అమ్మా, పదేళ్లు... నేనడిగానని కదూ వదిలేశావ్?”

“ఛ, పిచ్చిదానా. అప్పుడడిగావు కాబట్టే ఇప్పుడు నీ పక్కనున్నాను.”

“అయితే ఇవాళ పైమెట్టు ఎక్కకు. బెంచీ మీద నాకు పక్కన మనిషి కావాలి.”

ఆట మొదలైంది. గీత పక్కన బెంచీ మీద ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. అవతల ఎవరో పిల్ల జారి పడితే, ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.